కెమేరా మార్చవలెనా?

(సంఘ వార్షికోత్సవ గోష్ఠియందు చేసిన ప్రసంగ పాఠము)



నాకు ముందు మాట్లాడిన పెద్దలు ఆముక్తమాల్యదను గూర్చియు, త్యాగరాజస్వామివారి కృతులను గూర్చియు ప్రసంగించిరి. వారి వెనుక నేను లేచి కెమేరా కొనుగోలును గూర్చి మాట్లాడుట, పాయసము వడ్డించిన విస్తరిలో మరల పచ్చడి వేసినట్లుండును. అయినను కార్యదర్శిగారు విడిచిపెట్టలేదు. "ఇరవై ఏళ్ళుగా మా అందరి బొమ్మలూ తీస్తున్నారు, ఒక్కసారైనా వేదికమీద కనిపించరేమండీ?" అని పట్టుబట్టిరి. నేను ఛాయాగ్రహణ పండితుడను కాను. ఫైళ్ళమీద నోట్లు వ్రాయుటయే నా వృత్తి. కనుక ఈ విషయమును కూడ ఒక ఫైలువలెనే మీ ముందుంచెదను.

మన సంఘములోని యువకులు కొందరు ఈ నడుమ నన్ను తరచుగా ఒకటే ప్రశ్న అడుగుచున్నారు: "సార్, నా దగ్గరున్నది చిన్న సెన్సర్ కెమేరా. ఫుల్‌ఫ్రేమ్‌కు మారమంటారా?" ఈ ప్రశ్న రెండేండ్ల క్రిందట నన్ను కూడ నిద్రపోనీయలేదు. అందులకు కారణమైన సంగతి మొదట చెప్పవలెను.

రెండేండ్ల క్రిందటి ఉగాది సభ మీకు జ్ఞాపకముండును. పంచాంగ శ్రవణము తరువాత ఆడిట్ శాఖలో పనిచేసి విశ్రాంతి తీసికొన్న మన పెద్దాయన ఒకరు వేదిక యెక్కి హరిశ్చంద్ర కాటిసీను పద్యములు పాడిరి. ఎనుబదియేండ్లు పైబడినను ఆ గొంతు వణకలేదు. పద్యము చివర రాగము తీయుచు కుడిచేయి పైకెత్తి, వ్రేళ్ళు విప్పి, కొంతసేపు అట్లే నిలిపిరి. సభయంతయు చప్పట్లు కొట్టినది. నేను ముందు వరుసప్రక్కన మోకాళ్ళపై కూర్చుండి ఇరువదికి పైగా ఫోటోలు తీసితిని. మూడు నెలలకు వారు స్వర్గస్థులైరి. పదకొండవనాడు వారి కుమారుడు నాకు ఫోను చేసి, "అన్నయ్యగారూ, నాన్నగారు స్టేజిమీద పాడిన ఫోటో ఒకటి ఇప్పించండి. ఫ్రేము కట్టించి పెట్టుకుంటాం" అని అడిగెను.

ఆ రాత్రి కంప్యూటరు తెరచి చూచితిని. ఒక్కటియు బాగులేదు. ముఖము చెదరియుండెను, ఎత్తిన చేయి పొగవలె అలికినట్లుండెను. ఉన్నంతలో మేలైన దానిని పంపితిని. ఆయన కుమారుడు మర్యాదస్థుడు, "చాలా బాగుందండీ" అనెను. కాని తరువాత వారి ఇంటికి పోయినప్పుడు గోడపైనున్నది నా ఫోటో కాదు. ఆనాటి భోజనముల వరుసలో ఎవరో పిల్ల తన ఫోనుతో తీసినది. పెద్దాయన చేతిలో సాంబారు గిన్నెయున్నది. గిన్నెను కత్తిరించి ముఖము వరకు పెద్దది చేయించినారు. నవ్వుచున్న ముఖము, స్పష్టముగా నున్నది.

ఇంటికి వచ్చినది మొదలు నా కెమేరామీద నాకు కోపము వచ్చినది. 2016 ఆగస్టులో ఏడవ వేతన సంఘపు బకాయిలు చేతికందినప్పుడు కొన్న కెమేరా అది. ఇరువదినాలుగు మెగాపిక్సెళ్ళది, సెన్సర్ చిన్నది. చిన్న సెన్సర్ గనుకనే ఆ చీకటి వేదికపై ఓడిపోయినదని తీర్మానించుకొంటిని. మరునాటి ఆదివారము చాందినీచౌకులోని కూచా చౌదరి బజారుకు పోయితిని. ఢిల్లీలో కెమేరా వ్యసనము గలవారికి ఆ సందు ఒక పుణ్యక్షేత్రము. ఫుల్‌ఫ్రేమ్ కెమేరాకును, దానికి తగిన ఒక లెన్సుకును కలిపి దుకాణదారుడు చెప్పిన వెల రెండు లక్షలకు చేరువగా నుండెను.

ఇక ఇంటిలోని ఆర్థిక సలహాదారుగారి సమ్మతి కావలెను. మీలో చాలమందికి 2017 నాటి జనరల్ ఫైనాన్షియల్ రూల్సులోని ఇరువదియొకటవ నిబంధన తెలియును. సాధారణ వివేకము గలవాడు తన సొంత సొమ్మును ఎంత జాగ్రత్తగా ఖర్చు చేయునో, ఉద్యోగి ప్రభుత్వ ధనమును అంత జాగ్రత్తగా ఖర్చు చేయవలెనని దాని సారాంశము. ఆ నిబంధన వ్రాసినవారు కెమేరా దుకాణములో నిలుచున్న మనుష్యుని చూచియుండరు. ప్రభుత్వ ధనముతో ఒక నీళ్ళ కూలరు కొనుటకు మూడు కొటేషన్లు అడుగు నేను, సొంత ధనముతో రెండు లక్షలు ఖర్చు చేయుటకు మూడు నిమిషములలో సిద్ధపడితిని.

మా ఇంటావిడ నన్ను కోప్పడలేదు. అదియే ప్రమాదము. ఆమె ఒక్క ప్రశ్న మాత్రము వేసినది: "కొత్తది కొంటే ఆయన ఫోటో వచ్చేదంటారా?" నేను వెంటనే "వచ్చేది" అంటిని. "ఎలా తెలుసండీ?" అని ఆమె మరల అడిగినది. నాకు తెలియదు. కనుక తెలిసికొనదలచితిని.

ఫుల్‌ఫ్రేమ్ అను మాట మొదట విచారింతము. మన కెమేరాలలో ఫిల్ము స్థానమున ఇప్పుడు సెన్సర్ అను వెలుతురు గ్రహించు పలక యున్నది. అది 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్నచో ఫుల్‌ఫ్రేమ్. నా కెమేరాలోనిది సుమారు 23.5కు 15.6. వైశాల్యము లెక్కించినచో పెద్దది చిన్నదానికి రెండుంబావు రెట్లకు కొంచెము మించును. అనగా అదే లెన్సు రంధ్రము, అదే షట్టరు వేగము పెట్టినచో పెద్ద పలకపై మొత్తముమీద అన్నిరెట్ల వెలుతురు పడును. వెలుతురు హెచ్చినకొలది బొమ్మలోని ఇసుక చల్లినట్లుండు నలుసు తగ్గును. దాని గొప్పతనమంతయు దాదాపుగా ఈ ఒక్క వాక్యములో నున్నది.

ఈ 36కు 24 అను కొలత దైవనిర్ణయమేమియు కాదు. జర్మనీదేశమున వెట్జ్‌లార్ పట్టణములో లైట్జ్ కంపెనీయందు పనిచేసిన ఆస్కార్ బార్నాక్ అను సాంకేతికుడు ఉబ్బసరోగి. ఆ కాలపు బరువైన కెమేరాలను మోయలేక, 1913-14 ప్రాంతమున సినిమా ఫిల్మును ఉపయోగించి చిన్న కెమేరా నొకదానిని తయారుచేసెను. సినిమా బొమ్మ 18కు 24 మిల్లీమీటర్లుండగా దానిని రెట్టించి 24కు 36 చేసెను. 1925లో లైప్జిగ్ సంతలో అది లైకా యను పేర వెలువడినది. జర్మనులు ఆ కొలతకు పెట్టిన పేరునకు అర్థము "చిన్న బొమ్మ" అని. పెద్ద పెద్ద గాజు పలకలతో పనిచేయు ఆనాటి వృత్తివారి కంటికి అది ఆటవస్తువు. ఆ చిన్న బొమ్మయే నేడు ఫుల్ అను బిరుదు ధరించి రెండు లక్షలు పలుకుచున్నది!

గాజు పలకలనగానే మన హైదరాబాదు సంబంధము గల రాజా దీన్‌దయాళ్ జ్ఞప్తికి వచ్చును. ఆయన మీరట్ దగ్గర సర్ధనాలో పుట్టి, రూర్కీలో ఇంజనీరింగు చదివి, ఇందూరులో పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేసెను. అనగా మనవంటి సర్కారు ఉద్యోగియే. ఫోటోలకొరకు సెలవు పెట్టి, తుదకు ఉద్యోగమునే విడిచెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ ఆయనను ఆస్థాన ఛాయాగ్రాహకునిగా నియమించెను. సికింద్రాబాదులో ఆయన స్టూడియో ఉండెడిది. ఆయన గాజు నెగటివులు పెక్కు ఈ ఢిల్లీలోనే ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రములో భద్రముగా నున్నవి. 1905లో ఆయన గతించినను ఆ పలకలు మిగిలినవి. ఈ మాట గుర్తుంచుకొనుడు. దీని అవసరము తరువాత వచ్చును. ఇదే నగరములో చిరకాలము పనిచేసి, 2011లో పద్మవిభూషణము పొందిన హోమై వ్యారవాలా గారు వాడిన రోలీఫ్లెక్సు బొమ్మ ఆరు సెంటీమీటర్ల చదరము. దాని ముందు మన ఫుల్‌ఫ్రేమ్ మూడవ వంతునకు కూడ రాదు.

చిన్నదానివైపు సాక్ష్యము కూడ ఒకటి చెప్పెదను. 1957లో వచ్చిన మాయాబజారును చూడనివారు ఈ సభలో ఉండరు. ఆ వెన్నెల పడవ విహారమును తీసినవారు మార్కస్ బార్ట్లీ గారు. ఆ దినములలో అట్టి చిత్రములకు వాడిన 35 మిల్లీమీటర్ల ఫిల్ముపై ఒక్కొక్క బొమ్మ కొలత సుమారు 22కు 16 మిల్లీమీటర్లు. అనగా నా కెమేరాలోని చిన్న సెన్సర్‌తో దాదాపు సమానము. ఈ లెక్క చూచిన రాత్రి నేను కొంచెము సేపు ఊరకే కూర్చుంటిని. తెలుగువారి కన్నులలో ఇన్ని దశాబ్దములు నిలిచిన ఆ వెన్నెల అంతయు నా కెమేరా పలకయంత చోటులో పట్టినది. అయితే న్యాయముగా ఇంకొక మాటయు చెప్పవలెను. బార్ట్లీ గారు వెన్నెలకొరకు ఎదురుచూడలేదు. దానిని తామే సృష్టించిరి. మన వేదికపై రెండు ట్యూబ్‌లైట్లు, ఒక పసుపుపచ్చ దీపము. కావున ఈ సాక్ష్యముపై తీర్పు చెప్పుట కుదరదు.

పరీక్షయే మార్గము. ఆ బజారులోనే ఒక ఫుల్‌ఫ్రేమ్ కెమేరాను లెన్సుతోసహా ఆదివారమునకు అద్దెకు తెచ్చితిని. ఆనాడు ఇదే హాలులో మన పిల్లల కోలాటపు పూర్వాభ్యాసము జరుగుచుండెను. రెండు కెమేరాలతోను ఒకే చోట నిలిచి, ఒకే అమరికలతో తీసితిని. భేదము ఉన్నది, లేదనుట అబద్ధము. ఫుల్‌ఫ్రేమ్‌పై ఐ.ఎస్.ఓ. 6400 వద్ద కనిపించిన నలుసు, నా కెమేరాపై 3200కు కొంచెము దిగువననే కనిపించినది. నల్లని పట్టుపావడ మడతలు పెద్దదానిలో మడతలుగా నుండెను. నాదానిలో కొంత మసిబారెను. చీకటిలో ఫోకసు పట్టుటలో కూడ కొత్తది చురుకైనది. కాని అది సెన్సర్ పరిమాణము వలన కాదు, కొత్త నమూనా కావడము వలన. ఈ రెండు గుణములను కలిపి చెప్పుట దుకాణదారుల అలవాటు.

ఆ ఫోటోలను ఎనిమిదికి పండ్రెండు అంగుళముల కాగితముపై జతలుగా ముద్రింపించి, వెనుక అంకెలు మాత్రము వేసి, ఇంటికి వచ్చినవారి కెల్ల చూపించితిని. "ఏది ఖరీదైన కెమేరా?" అని అడిగితిని. చాలమంది కన్ను మూసికొని చెప్పినట్లే చెప్పిరి. మా అమ్మాయి మాత్రము ఎక్కువ వాటిని సరిగా పట్టినది. ఎట్లనగా, వెనుకనున్న తెర ఎక్కువ మెత్తగా అలికినట్లున్నది పెద్దదని గ్రహించినది. ఒకే దృశ్యమును ఒకే రంధ్రముతో తీసినప్పుడు పెద్ద సెన్సర్‌లో స్పష్టముగా నుండు లోతు తక్కువ. ఒక్క మనిషి ముఖము తీయునప్పుడు అది అందము. మూడు వరుసల సంఘ సభ్యుల గ్రూపు ఫోటోకు అదియే ఆపద: మొదటి వరుసలో అధ్యక్షులవారు స్పష్టముగాను, చివరి వరుసలో కోశాధికారిగారు మబ్బుగాను వత్తురు. కోశాధికారి స్పష్టముగా రావలెనన్నచో రంధ్రము చిన్నది చేయవలెను. చేసినచో వెలుతురు తగ్గి, పెద్ద సెన్సర్ ఇచ్చిన లాభమంతయు అక్కడనే తిరిగి చెల్లించితిమి. ఈ సంగతి ప్రకటనలలో వ్రాయరు.

తరువాత పెద్దాయన ఫోటోల లెక్క మరల తీసితిని. ప్రతి ఫోటోతోపాటు కెమేరా తాను ఏ అమరికతో తీసినదో వ్రాసిపెట్టును. మన నోట్‌షీటువలె, తప్పెవరిదో తరువాత తేల్చుటకు అది పనికివచ్చును. ఆనాటి వివరము ఇది: ఐ.ఎస్.ఓ. 800, లెన్సు రంధ్రము ఎఫ్ 5.6, షట్టరు సెకనులో ముప్పదవ వంతు. పాడు మనిషి, కదలు చేయి సెకనులో ముప్పదవ వంతున నిలువవు. 800 దాటినచో నలుసు వచ్చునని ఎన్నడో పాత కెమేరా కాలమున ఏర్పరచుకొన్న భయముతో నేను దానిని పైకి పెంచలేదు. 3200కు పెంచియున్నచో షట్టరు 125వ వంతునకు వచ్చియుండును. కొంచెము నలుసుండెడిది, కాని ముఖము ముఖముగా నుండెడిది. నలుసును ఎవరు చూతురు? కుమారుడు తండ్రి ముఖమును చూచును గాని నలుసును చూడడు.

ఇంకొక లెక్క. నేను వాడినది కెమేరాతోపాటు ఉచితమువలె వచ్చు మామూలు జూమ్ లెన్సు. పొడవున దాని రంధ్రము ఎఫ్ 5.6 కంటె విప్పుకొనదు. యాభై మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు, చాల కంపెనీల వరుసలో చవకైన వాటిలో నొకటి, దానికంటె తొమ్మిది రెట్లకు పైగా వెలుతురును లోపలికి రానిచ్చును. రెండు లక్షల సెన్సర్ ఇచ్చునది రెండుంబావు రెట్లు. ఫోన్ కంటె చవకైన లెన్సు ఇచ్చునది తొమ్మిది రెట్లు. ఇరువది ఏండ్లుగా ఫోటోలు తీయుచున్న నాకు ఈ త్రైరాశికము ఆలస్యముగా తట్టినందులకు సిగ్గుపడుచున్నాను. ఎఫ్ 1.8 వద్ద ఫోకసు కొంచెము తప్పినను కన్ను బదులు చెవి స్పష్టముగా వచ్చును, అభ్యాసము కావలెను.

ఫుల్‌ఫ్రేమ్‌కు మారువారు పాత లెన్సుల సంగతి కూడ ముందే విచారింపవలెను. చిన్న సెన్సర్ కొరకు చేసిన లెన్సులను పెద్ద కెమేరాకు తగిలించినచో పలక నడిమి భాగమునకే బొమ్మ పడును. ఇరువదినాలుగు మెగాపిక్సెళ్ళు పదింటికి దిగును. కావున కెమేరాతో ఖర్చు ఆగదు, లెన్సులన్నియు మార్చవలెను, అవి బరువు కూడ ఎక్కువ. రిటైరగు వయసున భుజముపై ఆ సంచి మోయుట యెట్లో బార్నాక్ గారినే అడుగవలెను. శీతకాలమున ఓఖ్లా పోయి పక్షుల ఫోటోలు తీయువారికి చిన్న సెన్సర్ మేలు కూడ చేయును: 300 మిల్లీమీటర్ల లెన్సు వారికి 450 అంత దూరము చూపును. పెండ్లిండ్లు తీసి దానిపై బ్రతుకువారు, రాత్రి ఆకాశమును తీయువారు, పెద్ద గోడల కొలతలో ముద్రింపించువారు ఫుల్‌ఫ్రేమ్ కొనుడు. నాకు అభ్యంతరము లేదు. వాట్సప్‌లో పంపుటకే తీయువారు మాత్రము ఆగుడు. అది మీ రెండు లక్షల స్పష్టతను పిండి చిన్నది చేసి పంపును.

ఈ లెక్కలన్నియు మా ఇంటావిడకు చూపితిని. ఆమె ఓపికగా విని, "సరే, మరి ఇన్నేళ్ళుగా తీసినవన్నీ ఎక్కడున్నాయండీ?" అనెను.

హార్డు డిస్కులలో నున్నవి. ఎన్ని డిస్కులలో? మూడింటిలో. ఒక్కొక్కదానికి నకలున్నదా? లేదు. మూడింటిలో ఒకటి తెరచుటకు ప్రయత్నించగా టిక్కుటిక్కుమని చప్పుడు చేసి ఊరకున్నది. 2011, 2012 సంవత్సరముల మన ఉగాదులు, ఒక సంక్రాంతి, అప్పటి పిల్లల నాటకము అందులో నున్నవి. బాగుచేయువారి వద్దకు తీసికొనిపోయితిని. వారు వారము దినములుంచుకొని, తల ఊపి తిరిగి ఇచ్చిరి. ఆ నాటకములో వేషము వేసిన పిల్లలు ఇప్పుడు ఈ సభలో తమ పిల్లలను ఎత్తుకొని కూర్చుండియున్నారు. వారి ముందు ఈ మాట ఒప్పుకొనుట కష్టముగానే యున్నది. దీన్‌దయాళ్ గారి గాజు పలకలు నూరేండ్లు దాటి నిలిచినవి. నావి పదిహేనేండ్లు నిలువలేదు. అందు సెన్సర్ తప్పేమియు లేదు.

కావున నేను చేసినది చెప్పెదను. ఫుల్‌ఫ్రేమ్ కొనలేదు. యాభై మిల్లీమీటర్ల ఎఫ్ 1.8 లెన్సు ఒకటి కొంటిని. రెండు పెద్ద డిస్కులు కొని, మిగిలినవన్నియు రెంటిలోను ఎక్కించి, ఒకటి మా ఇంటను, రెండవది కార్యదర్శిగారి ఇంటను ఉంచితిని. తరువాత, ఫోటోలనుండి కుటుంబమున కొకటి చొప్పున ఏరి, మంచి కాగితముపై ముద్రింపించుట మొదలుపెట్టితిని. ముద్రణకు అనుకొన్నదానికంటె ఎక్కువ ఖర్చగుచున్నది. సగము కుటుంబములు కూడ కాలేదు. బదిలీపై గౌహతి, చెన్నై, పోర్టుబ్లెయిరు పోయినవారికి తపాలాలో పంపుచున్నాను. రెండు పొట్లములు చిరునామా మారినదని తిరిగి వచ్చినవి. వారి క్రొత్త చిరునామాలు తెలిసినవారు దయచేసి నాకు చెప్పుడు.

ఫుల్‌ఫ్రేమ్ ఆశ పూర్తిగా చచ్చినదా యని మీరడుగవచ్చును. చావలేదు. ఆ ఆదివారము చేతిలో పట్టుకొన్నప్పుడు దాని షట్టరు చేసిన మెత్తని చప్పుడు ఇంకను చెవిలో నున్నది. 2025లో ఎనిమిదవ వేతన సంఘమును ప్రకటించిననాడు మా ఇంటావిడ నా ముఖము చూచి, నేనేమియు అనకముందే, "వద్దు" అనెను.

2011, 2012 ఉగాదుల ఫోటోలు ఎవరి ఇంటనైనను, చిన్న ఫోనులోనైనను, మసకగా నున్నవైనను ఉన్నచో, భోజనముల వేళ నా దగ్గరకు తీసికొనిరండి. నకలు తీసికొని వెంటనే తిరిగి ఇచ్చెదను. భోజనములకు ముందు అందరును మెట్లవద్ద గ్రూపు ఫోటోకు నిలువవలెనని మనవి. పొడుగువారు వెనుకకు పొండు. కోశాధికారిగారు ఈసారి మొదటి వరుసలోనే కూర్చుండవలెను.